బయటి గోడకు ఎంత ఖర్చవుతుంది?



ఈ నెల నేను ఒక గోడ గురించి వ్రాస్తున్నాను. అది మా సంఘములోని ఒక సహోదరి ఇంటి గోడ. దానిమీది సిమెంటు పూత ఒక్క వానాకాలములోనే పెచ్చులుగా ఊడిపోయింది. అందుకు మేస్త్రి ఎంత కారణమో నేనూ అంతే కారణము. ఇది చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. అయినా ఈ పత్రిక చదివే కుటుంబాలలో బయటి గోడలు ఇంకా ఇటుకలుగానే మిగిలియున్న ఇళ్ళు ఎన్నో ఉన్నాయని నాకు తెలుసు. వారిలో ఒక్కరైనా అప్పు చేయకముందే ఈ సంగతి చదివితే చాలునని వ్రాస్తున్నాను.

నేను పుట్టి పెరిగినది శ్రీకాకుళం జిల్లాలో ఒక మట్టిగోడల ఇంట్లో. మా చిన్నతనములో గోడకు ఖర్చు అనే మాట మా ఇంట్లో వినిపించేది కాదు. చెరువు గట్టు నుండి ఎర్రమట్టి తెచ్చి, అందులో వరిగడ్డి ముక్కలు, ఊక వేసి, నీళ్ళు పోసి తొక్కి, అమ్మ చేత్తోనే గోడకు మెత్తేది. ఆరిన తరువాత పేడతో అలికేది. డబ్బులుంటే గుల్లసున్నము కొట్టేది. వానలు రాకముందే జల్లు కొట్టే వైపు తాటాకుల దడి కట్టేవారు. ఏటేటా గోడ కరిగేది, ఏటేటా అమ్మ మెత్తేది. ఖర్చు లేదని మేము అనుకున్నాము గాని, ఆ ఖర్చంతా అమ్మ నడుముమీద పడిందని ఇప్పుడు తెలుస్తున్నది.

తరువాత ఊళ్ళోకి ఇటుకల ఇళ్ళు వచ్చాయి. 2006లో మొదలైన ఇందిరమ్మ ఇళ్ళు, ఆ తరువాతి పథకాల ఇళ్ళు చాలామందికి నీడనిచ్చాయి. అయితే ప్రభుత్వమిచ్చే సొమ్ముతో శ్లాబు వరకు వస్తే గొప్ప. లోపలి గోడలకు ఎలాగో ఒక పూత పడుతుంది. బయట మాత్రము ఎర్రటి ఇటుకలు అలాగే నిలబడిపోతాయి. శ్రీకాకుళం నుండి ఇచ్ఛాపురం వైపు బస్సులో వెళ్తూ కిటికీలోంచి చూడండి, ఇటువంటి ఇళ్ళు ఎన్నో కనబడతాయి. "ఉంటున్నాము కదా, బయట ఎవరు చూస్తారు" అనుకుంటాము. వాన మాత్రము చూస్తుంది.

మా సహోదరి ఇల్లు ఉద్దానములో, సముద్రానికి దగ్గర ఊరు. ఆమె భర్త లేడు. పలాసలో జీడిపప్పు పనికి వెళ్ళి ఇద్దరు పిల్లలను పెంచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నము దగ్గర తీరము దాటినప్పుడు ఆమె ఇంటికి పెద్ద నష్టము జరుగలేదు. కాని 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలిన సంగతి మనము మరచిపోలేదు. ఆ రాత్రి సముద్రము వైపు గోడలోనుండి నీరు లోపలికి ఊరి, బియ్యపు బస్తా కింద మడుగు కట్టిందట. అప్పటినుండి ఆమె మనస్సులో ఒకటే కోరిక: కూతురి పెళ్ళిలోగా బయటి గోడలకు సిమెంటు పూసి, రంగు వేయించాలని.

2022 ఫిబ్రవరిలో ఆమె ఒక మేస్త్రిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది.

"అయ్యగారూ, మీరు సదువుకున్నోరు. ఈ మేస్త్రి ఏటి సెప్తన్నాడో ఒకపాలి ఇనండి" అన్నది.

నాలుగు గోడలకు ప్లాస్టింగు, రంగు, సరుకుతో సహా 35 వేలకు చేసిపెడతానని అతడు చెప్పాడు. మరో మేస్త్రి 60 వేలు అడిగాడట. నేను ఆ ఇంటిని టేపు పెట్టి కొలవలేదు. ఏమి సిమెంటు, ఎన్ని బస్తాలు అని అడుగలేదు. "మంచి బేరమేనమ్మా, ఇచ్చెయ్యి" అన్నాను. ప్రార్థన కూడా చేసి పంపాను. ఆమె చెవుల దిద్దులు కుదువపెట్టి, మిగిలినది పొదుపు సంఘములో అప్పు తీసుకొని ఇచ్చింది.

పని సగములో ఉండగా పిట్టగోడ బేరములో లేదన్నాడు మేస్త్రి. సన్‌షేడ్లు లేవన్నాడు. పునాది భాగము వేరన్నాడు. వాటికి మరో 6 వేలు పోయాయి. పూత పూసిన నాలుగో రోజుననే రంగు వేశాడు. పెళ్ళివారు వచ్చేసరికి ఇల్లు లేత పచ్చరంగుతో మెరిసిపోయింది. ఆ పెళ్ళి నేనే జరిపించాను. ఇల్లు బాగున్నదని అందరితో పాటు నేనూ అన్నాను.

ఆ సంవత్సరము నవంబరులో వారి ఇంట కుటుంబ ప్రార్థన పెట్టుకున్నాము. అందరము కళ్ళు మూసుకొని ఉండగా బయట దబ్బున ఏదో పడింది. కుక్క ఏదో తోసి ఉంటుందని ప్రార్థన ముగించాను. వెళ్ళి లాంతరు వెలుగులో చూస్తే సముద్రము వైపు గోడ నుండి చాపంత పెచ్చు ఊడిపడి ఉన్నది. వేలితో నొక్కితే చుట్టూ ఉన్న పూత కూడా డొల్లగా మోగుతున్నది. పిడికిట పడితే ఇసుకలా రాలుతున్నది.

"శ్రావణం నుంచి ఇలగే ఊడతంది అయ్యగారూ. మీరు బాదపడతారని సెప్పలేదు" అన్నది ఆమె.

ఆ మాట నన్ను కొట్టినట్లు ఏ నిందా కొట్టలేదు. అప్పటికి ఆమె నెలనెలా ఆ అప్పు వాయిదా కడుతూనే ఉన్నది.

మరునాడు ఆ మేస్త్రిని వెదకి పట్టుకున్నాను. కోపముతోనే వెళ్ళాను. అతడు తప్పించుకోలేదు. టీ కొట్టు దగ్గర నిలబడి ఒక మాట అన్నాడు: "అయ్యగారూ, మీరు తక్కువెంతని అడిగినారు గాని, ఆ డబ్బుకి ఏటి సేస్తావని అడిగినారేటి?" అతడు చేసినది తప్పే. కాని అతడి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

లెక్క నేర్చుకున్న రోజు

మా సంఘములోనే ఒక ముసలి తాపీ మేస్త్రి ఉన్నాడు. కళ్ళు మందగించి పని మానేశాడు. ఆయనను ఆ ఇంటికి తీసుకొనివెళ్ళాను. ఆయన ముందుగా టేపు అడిగాడు. గోడ సంగతి తరువాత, కొలత ముందు అన్నాడు. ఆయన చెప్పిన లెక్కను ఇక్కడ అలాగే ఇస్తున్నాను. మీ ఇంటికి మీరే వేసుకోవచ్చును.

ఇల్లు బయటి కొలత 24 అడుగులు, 20 అడుగులు. చుట్టూరా 88 అడుగులు. నేలమట్టము నుండి శ్లాబు వరకు ఎత్తు 10 అడుగులు. అంటే గోడలు 880 చదరపు అడుగులు. కింద పునాది భాగము 2 అడుగుల ఎత్తు, అది 176. పైన పిట్టగోడ 2 అడుగులు, అది మరో 176. మొత్తము 1,232. తలుపులు, కిటికీలు 97 పోగా 1,135 చదరపు అడుగులు. 880 అని అనుకున్న పని 1,135కు వచ్చింది. బేరములో లేదన్నవన్నీ ఈ తేడాలోనే దాగి ఉన్నాయి. తలుపుల కిటికీల ఖాళీని కొందరు మేస్త్రులు లెక్కలోనుండి తీయరు. వాటి పక్క అంచులకు కూడా పూత పూయాలి గనుక అది అన్యాయమేమీ కాదు. అయితే తీస్తారో తీయరో ముందే మాట్లాడుకోవాలి.

ఇక సరుకు. బయటి పూత లోపలి పూతకంటె మందము ఉండాలి. లోపల అరంగుళము చాలును, బయట ముప్పావు అంగుళము వరకు కావాలి. అదీ ఒక్కసారే కాక రెండు పొరలుగా వేస్తే నిలుస్తుంది. ఒక పాలు సిమెంటుకు ఐదు పాళ్ళ ఇసుక కలిపితే, 100 చదరపు అడుగులకు సుమారు ఒకటింపావు బస్తా సిమెంటు, 8 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. ఆ లెక్కన ఈ ఇంటికి 14 బస్తాలు. కింద రాలేది, ఇటుకల వంకరలలో నిండేది కలుపుకొని 16 బస్తాలు. ఇసుక ఒక ట్రాక్టరు.

2023 వేసవిలో మా ఊళ్ళో మేము కట్టుకున్న ధరలు ఇవి. సిమెంటు బస్తా 350 రూపాయల చొప్పున 5,600. ఇసుక బండి బాడుగతో కలిపి 4,000. మేస్త్రి, కూలీల పని చదరపు అడుగుకు 25 చొప్పున 28,375. పరంజా కర్రలకు, తాళ్ళకు 3,000. పిల్లరూ ఇటుకా కలిసే చోట బీటలు రాకుండా వేసే సన్నతీగ జాలీ, మేకులు, చిల్లర కలిపి 1,500. పూతకు మొత్తము 42,475 రూపాయలు.

రంగు వేరు. ప్రైమరు 2,000. గోడ బయటికి వేసే రంగు 20 లీటర్ల డబ్బా ఒకటి, మధ్యరకము, 5,000. రెండు చేతులు వేసే కూలి, ప్రైమరుతో కలిపి, అడుగుకు 9 రూపాయల చొప్పున 10,215. మొత్తము 17,215. రెండూ కలిపితే 59,690. అంటే అరవై వేలు.

ముసలి మేస్త్రి కళ్ళద్దాలు తీసి నావైపు చూశాడు. "35కి ఒప్పుకున్నోడు 25 ఏల రూపాయలు ఏడనుంచి తెస్తాడండి? సిమెంటులోంచి తీస్తాడు, ఇసకలోంచి తీస్తాడు, నీళ్ళలోంచి తీస్తాడు" అన్నాడు.

ధరలు ఊరికొక రకముగా, ఏటికొక రకముగా ఉంటాయి. 2024 జూలై నుండి మన రాష్ట్రములో ఇసుక ఉచితమన్నారు, అయినా ఎత్తుడు కూలి, బండి బాడుగ తప్పవు. వంశధార, నాగావళి ఒడ్డున ఉన్నవారికి ఒక ఖర్చు, దూరపు కొండ ఊళ్ళవారికి మరో ఖర్చు. కాబట్టి నా అంకెలను పట్టుకొని మీ మేస్త్రితో పోట్లాడవద్దు. లెక్క వేసే పద్ధతి మాత్రము పట్టుకోండి. పూత ఖర్చులో మూడింట రెండు వంతులు చేతిపనికే పోతుందని గమనించండి. సిమెంటు బస్తాలు తగ్గించి మిగుల్చుకునేది కొద్ది, పోగొట్టుకునేది మొత్తము పని.

కంటికి కనబడని ఖర్చు

ఆమె గోడ ఎందుకు ఊడిందో ఆయన ఒక్కొక్కటిగా చూపించాడు. మొదటిది ఇసుక. తీరపు ఊళ్ళలో దగ్గరగా దొరుకుతుందని సముద్రపు ఇసుక కలిపేవారున్నారు. అందులోని ఉప్పు గాలిలోని చెమ్మను లాగుతుంది. గోడ ఎప్పుడూ తడిగా ఉంటుంది, తెల్లటి పొడి పైకి ఊరుతుంది, రంగు బుడగలు కడుతుంది. లోపలి ఇనుము తుప్పు పడుతుంది. ఏటి ఇసుకైనా జల్లించాలి. ఒక గాజు గ్లాసులో ఇసుక సగము వేసి, నీళ్ళు పోసి, చిటికెడు ఉప్పు వేసి బాగా కలిపి, రెండు మూడు గంటలు కదపకుండా ఉంచండి. ఇసుక కిందికి, ఒండ్రు పైకి పొరలుగా తేరుతాయి. ఆ ఒండ్రు పొర ఇసుక పొరలో పన్నెండో వంతును మించితే ఆ ఇసుక వద్దు. దీనికి ఇంజనీరు అక్కరలేదు, మన పిల్లలు చేయగలరు.

రెండవది ఇటుక. ఎండిన ఇటుక దాహముతో ఉంటుంది. ముందురోజు గోడను తడపకపోతే పూతలోని నీళ్ళు తాగేస్తుంది. అప్పుడు సిమెంటు గట్టిపడకుండా పొడిగా మిగిలిపోతుంది. ఇటుకల సందులను కూడా కొంచెము గీకి లోతు చేస్తేనే పూతకు పట్టు దొరుకుతుంది. ఆ ఇంటి సందులు గీకనే లేదు.

మూడవది మాలు. నీళ్ళు పోసి కలిపిన మాలు అరగంట, ముప్పావు గంటలో వాడేయాలి. మధ్యాహ్నము అన్నానికి వెళ్ళివచ్చి, బిగిసిన మాలులో మళ్ళీ నీళ్ళు పోసి కలిపితే అది మాలు కాదు, బురద.

నాల్గవది తడపడము. పూసిన మరునాటి నుండి కనీసము ఏడు రోజులు గోడ ఆరకుండా చూడాలి. ఉదయము, సాయంత్రము చాలదు, ఎండ తగిలే వైపు మధ్యాహ్నము కూడా తడపాలి. ఉప్పునీళ్ళు పనికిరావు. ఈ నీళ్ళు మోసేది ఎవరో బేరములోనే తేలిపోవాలి. మా సహోదరి పగలంతా జీడిపప్పు పనిలో ఉన్నది. మేస్త్రి తన పని కాదనుకున్నాడు. గోడ ఎండిపోయింది.

ఐదవది ఓపిక. కొత్త పూతలో తడి ఉంటుంది. నాలుగు వారాలైనా ఆరనివ్వాలి. ఆరకముందే వేసిన రంగు ఆ తడిని లోపల బంధిస్తుంది. పెళ్ళి ముహూర్తము తొందర చేసింది, మేమంతా తొందరపడ్డాము.

ఈ ఐదింటిలో ఒక్కటి కూడా పని పూర్తయిన రోజు కంటికి కనబడదు. మంచి గోడా, చెడ్డ గోడా ఆ రోజు ఒకే పచ్చరంగుతో మెరుస్తాయి. యెహెజ్కేలు ప్రవక్త గ్రంథము 13వ అధ్యాయములో సున్నము పూసిన గోడ సంగతి నేను ఎన్నోసార్లు బోధించాను. గాలివాన వచ్చి ఆ గోడ పడినప్పుడు, మీరు పూసిన పూత ఏదని అడుగుతారని అక్కడ ఉన్నది. ఆ ప్రశ్న ఇటువంటి గోడ ముందు నిలబడి నేను వినవలసి వస్తుందని ఎన్నడూ అనుకోలేదు.

డబ్బు చాలనప్పుడు

నాలుగు గోడలూ మళ్ళీ చేయించడానికి ఆమె దగ్గర డబ్బు లేదు. నా దగ్గరా లేదు. ముసలి మేస్త్రి ఒక దారి చెప్పాడు: "వాన కొట్టే గోడ ఒక్కటి సరిగ్గా సేయించండి. మిగతావి ఆగుతాయి."

2023 మే నెలలో సముద్రము వైపు గోడ ఒక్కటి పట్టుకున్నాము. 312 చదరపు అడుగులు. సంఘ యువకులు రెండు రోజులు పాత పూత చెక్కి, సందులు గీకి, గోడ కడిగారు. సిమెంటు 5 బస్తాలు, ఇసుక సగము ట్రాక్టరు, మేస్త్రి పని, పరంజా, జాలీ కలిపి 13 వేలు అయింది. అందులో సిమెంటు, ఇసుక నేను పెట్టుకున్నాను. దానము అని కాదు, నేను పడిన బాకీ అది. తడిపే పనికి పిల్లలు వంతులు వేసుకున్నారు. పది రోజులు ఆ గోడ ఆరలేదు. రంగు వేయలేదు. క్రిస్మసుకు సున్నము మాత్రము కొట్టాము. సున్నము చవక, గోడకు ఊపిరి ఆడనిస్తుంది. రెండేళ్ళకోసారి కొట్టుకోవలసి వచ్చినా బీదవాడి రంగు అదే.

ఆ తరువాత వచ్చిన వానలకు ఆ వైపు లోపల చెమ్మ లేదు. మిగిలిన మూడు గోడలు ఇంకా అలాగే ఉన్నాయి, పచ్చరంగు అక్కడక్కడ రాలుతూ. ఇంటి ముందునుండి చూస్తే ఇప్పటికీ బాగుండదు. ఆమెకు దానివల్ల చిన్నతనము లేదని చెప్పలేను. కాని ఆమె బియ్యము తడవడము లేదు.

మా బంధువుల అబ్బాయి ఒకడు అమెరికాలో ఉన్నాడు. ఈ సంగతి ఫోనులో చెబితే అక్కడా ఇదే కథ అన్నాడు. అక్కడి ఇళ్ళు చాలావరకు చెక్క చట్రముతో కడతారు. బయట పూత బదులు ప్లాస్టిక్కు పలకలో, సిమెంటు పలకలో, చెక్క పలకలో తొడుగుతారు. దానిని సైడింగు అంటారు. వారు కూడా 100 చదరపు అడుగులను ఒక లెక్కగా తీసుకొని ధర చెబుతారట. మన పెద్దలు చదరము అన్నది కూడా 100 చదరపు అడుగులనే కదా. పాత పలకలు ఊడదీయడము, లోపల కుళ్ళిన చెక్క మార్చడము, మూలలూ అంచులూ ముందు చెప్పిన ధరలో ఉన్నాయో లేవో అక్కడివారూ అడిగి తెలుసుకోవలసిందేనట. దేశము మారినా గోడ బేరము మారలేదు.

కాబట్టి గోడ పని పెట్టుకోబోయే కుటుంబాలకు నా మనవి ఇది. ఎవరినీ పిలువకముందే మీ గోడలు మీరే కొలిచి కాగితముమీద వ్రాసుకోండి. ఇద్దరు ముగ్గురు మేస్త్రులకు అదే కాగితము చూపించండి. పిట్టగోడ, సన్‌షేడ్లు, పునాది, పరంజా, నీళ్ళు పట్టడము, చెత్త ఎత్తడము ఎవరి వంతో వ్రాయించుకోండి. వీలైతే సరుకు మీరే కొని, చేతిపని మాత్రము ఇవ్వండి. బయానా కొద్దిగా ఇచ్చి, పని సాగిన కొద్దీ ఇస్తూ, కొంత సొమ్ము చివరి తడుపు అయ్యేదాకా ఆపుకోండి. అందరికంటె తక్కువ చెప్పినవానిని, ఏమి తగ్గించి తక్కువ చేస్తున్నావని మర్యాదగా అడగండి. డబ్బు చాలకపోతే నాలుగు గోడలకు పైపూత వద్దు, ఒక్క గోడకు గట్టిపూత చేయించండి. వానాకాలము ముగిసి చలి మొదలైన రోజులలో పని పెట్టుకుంటే ఎండ బాధ కూడా ఉండదు.

గోపురము కట్టదలచినవాడు ముందు కూర్చుండి లెక్క చూచుకోవాలని మన ప్రభువు లూకా సువార్త 14వ అధ్యాయములో చెప్పిన సంగతి అందరికీ తెలిసినదే. నేను దానిని ఎప్పుడూ శిష్యత్వము గురించే బోధించాను, అది సరియైనదే. అయితే "ముందు కూర్చుండి" అన్న మాట ఇప్పుడు నాకు వేరుగా వినబడుతున్నది. ఆ రోజు ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు నేను కూర్చోలేదు. గుమ్మములో నిలబడే సలహా ఇచ్చి, ప్రార్థన చేసి పంపేశాను. అరగంట ఆమెతో కూర్చొని టేపు పట్టుకొని ఉంటే ఆ దిద్దులు ఇంకా ఆమె చెవులకు ఉండేవి.

అవి కిందటి సంవత్సరము విడిపించుకున్నది. ఇప్పుడు మా ఇంట్లో ఒక టేపు ఉన్నది. సంఘములో ఎవరు ఇంటి పని మాట్లాడటానికి వచ్చినా, ముందు కూర్చోమంటాను. తరువాత ఆ టేపు తీసుకొని వారితో వెళ్తాను. ప్రార్థన కొలత అయిన తరువాత చేస్తున్నాము.